మంగళవారం పెట్టె

వెర్నన్ ప్రూయిట్‌కి మా కేడ్స్‌ఫోర్డ్‌లో శత్రువులు లేరు. ముప్పై ఒక్క ఏళ్ళు పత్రికలో పనిచేసినవాడికి శత్రువులు లేరంటే అది పొగడ్తో తిట్టో కాస్త ఆలోచించాల్సిందే. మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు. ఆయనకీ రాలేదు.

మా 'క్లారియన్' వారానికి రెండుసార్లు వచ్చేది, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. అందులో వెర్నన్ రాసేవి రెండే. ఒకటి ఆటల పేజీ. రెండోది పోలీసు చిట్టా. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి రిజిస్టరు ముందేసుకుని, ఎవడు తాగి కారు నడిపాడో, ఎవరి ఆవు రోడ్డెక్కిందో, ఏ మొగుడూపెళ్ళాల అరుపులకి పక్కింటివాళ్ళు ఫోన్ చేశారో, పేర్లూ వయసులతో సహా రాసుకునేవాడు. మధ్యాహ్నం టాలిస్ కాలేజీ మైదానానికి వెళ్ళి కుర్రాళ్ళ ఫుట్‌బాల్ సాధన చూసేవాడు. చిన్న పత్రికల్లో అంతే, ఒక్కడే నాలుగు పన్లు చెయ్యాలి. ఊరు మాత్రం పేపరు చేతికి రాగానే చావు కబుర్లకంటే ముందు చిట్టా తెరిచేది. ఇరుగుపొరుగు బాగోతం మీద ఉన్న ఆసక్తి ఇంకదేని మీదా ఉండదు కదా మనుషులకి.

ఆ చిట్టాలోంచి ఒక్క పేరు తీయించగలిగినవాడు ఊళ్ళో లేడు. పాస్టరు గారి బావమరిది పడ్డాడు. బ్యాంకాయన కూతురు పడింది. వెర్నన్ సొంత చెల్లెలి కొడుకు ఊళ్ళో పోస్టు డబ్బాలన్నీ కర్రతో పగలగొడితే, వాడి పేరూ వయసూ మేనమామే స్వయంగా టైపు కొట్టాడు. చెల్లెలు రెండు క్రిస్మస్‌లు అన్న గడప తొక్కలేదు. "అచ్చులో అందరూ ఒకటే" అనేవాడాయన, బిస్కట్ అనే మెత్తటి రొట్టె ముక్క గ్రేవీలో అద్దుకుంటూ. భార్య పోయాక ఆయన పొద్దుటి తిండి కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లోనే.

అందరూ ఒకటే, ఫుట్‌బాల్ కుర్రాళ్ళు తప్ప. అదీ సెప్టెంబరు నుంచి నవంబరు ఆఖరు దాకా.

దానికో కథ ఉంది. అరవై మూడులో ఇద్దరు ఆటగాళ్ళు ల్యాండ్రమ్ కాలేజీవాళ్ళు తమ జట్టు గుర్తుగా పెంచుకునే మేకని ఎత్తుకొచ్చి మెథడిస్టు చర్చి నేలమాళిగలో కట్టేశారు. అది గురువారం. శనివారం ల్యాండ్రమ్‌తోనే ఆట. అప్పటి ఎడిటరు, అంటే ఇప్పటి ఎడిటరు రాన్సమ్ కోలియర్ వాళ్ళ నాన్న, "ఆట పెట్టుకుని ఇప్పుడెందుకులే, మంగళవారం వేద్దాం" అన్నాడు. కుర్రాళ్ళు ఆడారు, గెలిచారు. మంగళవారం మేక కబురు చదివి ఊరంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు నుంచి వెర్నన్ బల్ల మీద ఒక తీగల బుట్ట వెలిసింది. పేరుకి బుట్టే, అందరూ అనడం మాత్రం మంగళవారం పెట్టె. ఆటగాళ్ళ పేరున్న చిట్టా కాగితం శుక్రవారం పేపర్లోకి పోకుండా అందులో పడుకునేది. ఆట అయ్యాక మంగళవారం, వంటనూనె ప్రకటన పక్కన, చిన్న అక్షరాల్లో వచ్చేది. మేక వెళ్ళిన దారినే పగిలిన కిటికీ వెళ్ళింది. దాని వెనకే తాగి కారు నడపడం, దాని వెనకే ఒకడి దవడ విరగ్గొట్టడం. దారంటూ పడ్డాక ఏది నడిస్తే మాత్రం ఎవరు ఆపుతారు?

చీఫ్ హోయిట్ శాటర్‌ఫీల్డ్ పోలీసు రిజిస్టరు ఇటు తిప్పి, పెన్సిల్‌తో ఒక వరుస మీద టకటకా కొట్టి, "ఇది మంగళవారం సరుకురా వెర్నన్" అనేవాడు. వెర్నన్ ఆ వరుస వేరే కాగితం మీద రాసుకునేవాడు. ఎవరైనా కదిలిస్తే ఆయన జవాబు ఒకటే. "దాచామా? లేదే. నాలుగు రోజులు ఆపాం. అంతేగా." ఇక కోచ్ ఆ కుర్రాణ్ణి తెల్లవారుజామునే స్టేడియం మెట్లు యాభైసార్లు ఎక్కించి దింపేవాడు. మా ఊళ్ళో ఆటగాడికి శిక్ష అంటే మెట్లే. మెట్లెక్కాడంటే కడిగిన ముత్యమే.

తొంభై ఒకటిలో ట్రాయ్ గ్యాంట్ అని ఒకడుండేవాడు. మా ఫుట్‌బాల్ అంటే బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడమే, వాడు పరిగెడితే పట్టుకునేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇరవై ఒక్కేళ్ళు. నవ్వు మొహం. పెద్దలు కనబడితే టోపీ తీసేవాడు. వెర్నన్ వాడి గురించి హైస్కూల్ రోజుల నుంచీ రాస్తున్నాడు. "పెద్దాయనా, మోకాలు ఎలా ఉంది?" అని వాడు పలకరిస్తే వెర్నన్‌కి ప్రాణం లేచొచ్చేది. వెర్నన్ కూడా టాలిస్‌కి ఒక్క ఏడాది ఆడి మోకాలు విరగ్గొట్టుకున్నవాడే మరి. తను పరిగెత్తలేకపోయిన మైదానం ఆ కుర్రాడు పరిగెడుతున్నాడనుకునేవాడు. బిడ్డల్లేని మనిషి, ఎక్కడో ఒకచోట ప్రేమ పెట్టుకోవాలిగా.

అక్టోబరులో ఒక గురువారం. పొద్దున పదింటికి ఒక అమ్మాయి క్లారియన్ ఆఫీసుకి వచ్చి వెర్నన్ బల్ల ముందు నిలబడింది. కుడి మణికట్టుకి కట్టు. పొడుగు చేతుల స్వెట్టరు దాని మీదకి లాక్కుంటోంది.

"పోలీసు చిట్టా రాసేది మీరేనాండీ?"

"నేనే తల్లీ. ఎవరి పేరైనా తీసెయ్యమంటే మాత్రం కుదరదు. మా చెల్లెలి కొడుకుదే తియ్యలా."

"తీసెయ్యమని కాదండీ. పడుతుందా లేదా కనుక్కుందామని వచ్చా."

ముప్పై ఒక్క ఏళ్ళలో తన పేరు అచ్చులో పడాలని అడగడానికి వచ్చిన మనిషిని వెర్నన్ చూడలేదు. కుర్చీ చూపించాడు. అమ్మాయి కూర్చోలేదు. పేరు డెనీస్ మేబ్రీ, వయసు ఇరవై, కాలేజీలో మూడో ఏడు. పేరు వినకముందే వెర్నన్ మొహం గుర్తుపట్టాడు. నెల కిందట ఆట గెలిచాక ట్రాయ్ పక్కన నవ్వుతూ నిలబడిన పిల్ల. ఆ ఫొటో వేసింది ఆయనే. నిన్న పొద్దున హోయిట్ పెన్సిల్‌తో టకటకలాడించిన వరుస కూడా ఈ పిల్లదే. మంగళవారం సాయంత్రం ట్రాయ్ గ్యాంట్ తన చెయ్యి మెలిపెట్టి గోడకేసి కొట్టాడని ఫిర్యాదు. అరెస్టు లేదు.

"ఈ మాట మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పలేకపోయావా తల్లీ?"

"ఆగస్టులో ఒకసారి చెప్పానండీ. 'కుర్రాళ్ళన్నాక కోపాలుండవా, ఆటల ముందు వాణ్ణి విసిగించకు' అంది." అమ్మాయి వెంటనే సర్దిచెప్పింది. "అమ్మ తప్పు కాదండీ. ట్రాయ్ ఈస్టర్‌కి మా ఇంటికొచ్చి భోజనాలయ్యాక అంట్లు కూడా తోమిపెట్టాడు. మా ఇంట్లో అంట్లు తోమిన మగాడు వాడొక్కడే. మీ పేపర్లో వాడి ఫొటోలు అమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది."

"పోనీ నువ్వే బస్సెక్కి ఇంటికెళ్ళి కూర్చోవచ్చుగా?"

"వెళ్తే వెనకాలే వస్తాడండీ. అమ్మే లోపలికి పిలిచి తను చేసిన తీపి 'పై' ముక్క పెడుతుంది." నవ్వబోయి మానేసింది. "నేను చెబితే నా మాటా వాడి మాటా అవుద్ది. అచ్చులో పడిందంటే అలా కాదు. అమ్మకి బైబిలు తరవాత మీ పేపరే. మేం ఈ ఊరు వదిలి ఆల్బియన్ వెళ్ళి పన్నెండేళ్ళయినా పోస్టులో తెప్పించుకుంటుంది. శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి రాగానే ముందు చిట్టా చదువుతుంది. అందులో నా పేరు చూసిందంటే ఇంకేం ఆలోచించదు. వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతుంది."

వెర్నన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పడుతుందా అండీ?"

"పడుతుందమ్మా" అన్నాడు.

ఎప్పుడని ఆ పిల్ల అడగలేదు. చిన్నప్పుడే ఊరు వదిలిన పిల్ల, పెట్టె సంగతి దానికేం తెలుసు? ఈయన చెప్పలేదు. అబద్ధమాడలేదని తరవాత తనకి తను చాలాసార్లు చెప్పుకోజూశాడు గానీ, ఆ పిల్ల మొహంలో ఎంత నెమ్మది కనబడిందో చూసిన కళ్ళు ఆయనవే.

మధ్యాహ్నం రెండింటికి ఆ కాగితం చేతిలో పట్టుకుని రాన్సమ్ కోలియర్ గదిలోకి వెళ్ళాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు.

"ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిందిరా. రేపటి పేపర్లో వేస్తే..."

రాన్సమ్ చదివాడు. చదివి కిటికీలోంచి బయటకి చూశాడు. వీధికి అడ్డంగా తోరణాలు కడుతున్నారు. "ఎల్లుండి ల్యాండ్రమ్‌తో ఆట. డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్లవాళ్ళు వాణ్ణి చూడ్డానికి వస్తున్నారు. రేపు ఇది వేశామనుకో, ఆదివారం చర్చిలో మన పక్కన కూర్చునేవాడుండడు."

"ఇది మేక కాదు రాన్సమ్."

"నేను కాదన్నానా? నీకు నేను చెప్పేదేముందిరా. బల్ల నీది, పెట్టె నీది. నీకేది తోస్తే అది చెయ్యి."

వెర్నన్ తన బల్ల దగ్గరికొచ్చాడు. ఎవరూ ఆయన చెయ్యి పట్టుకోలేదు. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను, తరవాత ఎవరి నెత్తినో రుద్దడానికి లేకుండా. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. కోచ్‌కి చెబుదాం, మెట్లెక్కిస్తాడు అనుకున్నాడు. ట్రాయ్ మొహం కళ్ళముందు కదిలింది. కాగితాన్ని పెట్టెలో పెట్టాడు. పెట్టి, శనివారం ఆట గురించి ముందస్తు వ్యాసం రాయడానికి టైపు మిషన్ దగ్గరకి లాక్కున్నాడు.

శనివారం ట్రాయ్ బంతి పట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని దాటుకుంటూ, మొత్తం నూట ఎనభై ఏడు గజాలు పరిగెత్తాడు. ఊరు ఊగిపోయింది. వెర్నన్ కూడా అరిచాడు, గొంతు పోయేలా.

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి జనం భోజనాల దగ్గర కూర్చునే వేళ, డెనీస్ అద్దెకున్న ఇంటి బయటి మెట్ల మీద గొడవైంది. పై మెట్టు నుంచి ట్రాయ్ ఆ పిల్లని తోసేశాడు. కింద సిమెంటు. సోమవారం పొద్దున ఇంకా పది కాకుండానే ఆస్పత్రిలో పోయింది.

వెర్నన్‌కి ఆ కబురు స్టేషన్‌లోనే తెలిసింది. హోయిట్ రిజిస్టరు ఆయన వైపు తిప్పాడు. ఈసారి పెన్సిల్‌తో ఏమీ కొట్టలేదు. వెర్నన్ అలవాటు కొద్దీ వరుసలన్నీ కాగితం మీదకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, చిరునామా. పై మెట్టు దగ్గర సర్దిన సూట్‌కేసు ఒకటి. పక్కింటామె వాంగ్మూలం: అమ్మాయి శుక్రవారం మధ్యాహ్నం నుంచీ ఆ సూట్‌కేసు పక్కన పెట్టుకుని మెట్ల మీదే కూర్చునేది, ఎవరి కోసమని అడిగితే అమ్మ వస్తుందనేది, శనివారం కూడా అలాగే కూర్చుంది.

అక్కడికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. హోయిట్ మంచినీళ్ళిచ్చాడు. వెర్నన్ తాగలేదు.

"మనమేం కలగన్నామా వెర్నన్" అన్నాడు హోయిట్.

"నాకు చెప్పింది. నా బల్ల ముందు నిలబడి చెప్పింది."

ఆ సోమవారం రాన్సమ్ మొదటి పేజీ తనే రాశాడు. అచ్చు కూర్చేవాడు ప్రతి సోమవారంలాగే వచ్చి మంగళవారం పెట్టె దులిపి తీసుకెళ్ళాడు. తీసెయ్యడానికి వెర్నన్‌కి ఒక్క క్షణం దొరికింది. తీసేస్తే దాచినట్టవుతుంది. ఉంచితే తను చేసింది బయటపడుతుంది. పడనీ అనుకున్నాడు. పడితే బావుండుననుకున్నాడు. మంగళవారం పేపర్లో మొదటి పేజీలో చావు వార్త, నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో, వారం కిందట ఆ పిల్ల ఇచ్చిన ఫిర్యాదు.

బయటపడింది గానీ తలకిందులుగా పడింది. నాష్‌విల్ నుంచీ అట్లాంటా నుంచీ టీవీ బళ్ళు దిగాయి. కాలేజీ పచ్చిక మీద మూడు వారాలు మకాం. వాళ్ళకి మా పెట్టె సంగతి తెలియదు. నాలుగో పేజీలో ఆ నాలుగు వరుసలు చూసి, కాలేజీ నోరు మెదపకపోయినా, పోలీసులు కప్పెట్టినా, ఊరి ముసలి విలేకరి ఒకడు తవ్వి బయటపెట్టాడనుకున్నారు. ఒక టీవీ అమ్మాయి మైకు పట్టుకుని వెర్నన్ దగ్గరకొచ్చింది.

"నేను తవ్వలేదమ్మా. అది నా దగ్గర ముందు నుంచీ ఉంది. శుక్రవారమే..."

"ఎంత వినయమండీ మీది" అంది. సాయంత్రం టీవీలో ఆ మాట ఉంది, ఈయన మాట లేదు.

ఊళ్ళో ప్రతివాడికీ నిజం తెలుసు. ఒక్కడు నోరు విప్పలేదు. విప్పితే ఇరవై ఎనిమిదేళ్ళ మేకల కథలన్నీ విప్పాలి కదా. తేలు కుట్టిన దొంగల్లా అందరం నవ్వు మొహాలతో టీవీవాళ్ళకి కాఫీలిచ్చాం.

టీవీవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వెర్నన్ రోజూ చూసేవాడు. ట్రాయ్ పరుగు చూపించేవాళ్ళు, మెల్లగా ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఎంత గొప్ప భవిష్యత్తు బుగ్గైపోయిందని నిట్టూర్చేవాళ్ళు. జట్టు కోలుకుంటుందా అని చర్చలు. కోచ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయిదు ఛానళ్ళలో "పూర్తి బాధ్యత నాదే" అన్నాడు. ఆ బాధ్యత ఏమిటో, దాన్ని ఎలా మోశాడో మాకెవరికీ తెలియదు. మరుసటేడు ఇంకో కాలేజీలో తేలాడు. ట్రాయ్ తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళు పడింది. తీర్పు రోజున కోర్టు మెట్ల మీద మావాళ్ళు కొందరు వాడి కోసం చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. డెనీస్ మేబ్రీ అనే పేరు ఆ మూడు వారాల్లో మహా అయితే పదిసార్లు వినబడింది. మిగతా అన్నిసార్లూ 'విద్యార్థిని'.

ఫిబ్రవరిలో ఒకే వారం రెండు ఉత్తరాలొచ్చాయి.

మొదటిది రాష్ట్ర పత్రికల సంఘం నుంచి. నిర్భయంగా నిజం వెల్లడించినందుకు ఆ ఏటి పురస్కారం వెర్నన్ ప్రూయిట్‌కి. రెండోది నీలి గీతల కాగితం మీద, చేత్తో రాసింది, ఆల్బియన్ నుంచి.

'ప్రూయిట్ గారికి, మీకు అవార్డు వచ్చిందని పేపర్లో చూసి రాస్తున్నాను. నేను డెనీస్ తల్లిని. నా బిడ్డ అంతకు ముందు నుంచే బాధ పడుతోందని లోకానికి చెప్పింది మీరొక్కరే. మీరు వెయ్యకపోతే దాన్ని అబద్ధాలకోరు అనేవాళ్ళు. అది ఆగస్టులో నాతో ఒక మాట అంది, నేను దాని నోరు మూయించాను. ఆ తరవాత ఇంక నాకు చెప్పుకోవడం దండగ అనుకుంది కాబోలు. అమ్మ ఉండి కూడా లేనట్టే పోయింది నా బిడ్డ. మీకు దేవుడు మేలు చెయ్యాలి. వెల్డా మేబ్రీ.'

వెర్నన్ ఆ ఉత్తరం తీసుకెళ్ళి రాన్సమ్ ముందు పెట్టాడు.

"నేను వెళ్ళి చెబుతాను."

"ఏమని చెబుతావ్?"

"జరిగింది."

"నీకు మతి గానీ పోయిందేంట్రా? అవార్డు వద్దంటే వద్దను, ఒంట్లో బాలేదని రాసి పడెయ్. ఆవిడ దగ్గరకెళ్ళడం దేనికి? పోయిన పిల్ల తిరిగొస్తుందా? పుండు మీద కారం కొట్టడం కాకపోతే?" రాన్సమ్ గొంతు తగ్గించాడు. "ఆవిడకి ఈ లోకంలో మిగిలింది నువ్వు మంచోడివన్న ఒక్క నమ్మకం. అది కూడా లాక్కుంటావా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే వెర్నన్ తొమ్మిది రోజులు ఆగాడు. హోటల్లో బిస్కట్ చల్లారిపోయేది. తను బరువు దించుకోవడానికి వెళ్తున్నాడా, ఆవిడకి అందాల్సింది అందించడానికి వెళ్తున్నాడా అని తేల్చుకోలేకపోయాడు. ఉత్తరం తీసి ఒక్క వాక్యం దగ్గర ఆగేవాడు. 'చెప్పుకోవడం దండగ అనుకుంది కాబోలు.' ఆ వాక్యం తప్పు. అది తప్పని తెలిసిన మనిషి భూమ్మీద తనొక్కడే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక తప్పుడు పేరు పడితే మరుసటి పేపర్లో దిద్దుకున్నవాడు, దీన్ని దిద్దకుండా ఎలా చస్తాడు?

పదో రోజు శనివారం, పొద్దున్నే కారు తీసి నలభై మైళ్ళు నడుపుకుంటూ ఆల్బియన్ వెళ్ళాడు.

వెల్డా మేబ్రీ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి. వేళ్ళ చివర్లు గట్టిబడి ఉన్నాయి. పొట్టిగా, నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి. పేరు చెప్పగానే తలుపు బార్లా తెరిచి, "రండి రండి, ఫోన్ చేస్తే ఇల్లు సర్దేదాన్నిగా" అంది. వంటింట్లో కూర్చోబెట్టింది. కాఫీ పోసింది. గుడ్లూ చక్కెరా మొక్కజొన్న పిండీ కలిపి చేసే 'పై' కోసి పళ్ళెంలో పెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద టేపు మరకలు చదరాలు చదరాలుగా ఉన్నాయి, ఫొటోలు లేవు.

"తినండి. అవార్డు ఎప్పుడిస్తారు?"

"తీసుకోవట్లేదమ్మా." వెర్నన్ చెంచా ముట్టుకోలేదు. "మీకో సంగతి చెప్పాలి. చెప్పాక ఈ ఇంట్లోంచి పొమ్మంటే పోతాను."

చెప్పాడు. మేక దగ్గర నుంచి మొదలుపెట్టలేదు, అది సాకులా ఉంటుందని. నేరుగా గురువారం పొద్దున పదింటి నుంచి చెప్పాడు. అమ్మాయి వచ్చిందని, కాగితం తన చేతిలోనే ఉందని, పడుతుందని మాటిచ్చాడని, శుక్రవారం వెయ్యలేదని, ఆట ఉందని ఆపాడని. తనే ఆపాడని. ఎవరూ ఆపమనలేదని.

వెల్డా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. బయట ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది.

"ఆ శుక్రవారం పేపరు నేను చదివాను" అంది చివరికి. "ఇదే కుర్చీలో. చిట్టా మొత్తం చదివాను. ఎవరిదో గుర్రం తప్పిపోయింది."

"అవునమ్మా."

"వాడి ఫొటో ఉంది ఆటల పేజీలో. కత్తిరించుకున్నాను."

వెర్నన్ కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. ఏడవడానికి తనకి హక్కులేదనిపించింది, అయినా ఆగలేదు.

"అది ఏమంది?" అంది వెల్డా. "మీ మాటలొద్దు. దాని మాటలు చెప్పండి."

"మీరు పేపర్లో చూస్తే ఇంకేం ఆలోచించరని అందమ్మా. 'వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతుంది' అంది."

"మళ్ళీ చెప్పండి."

"'అందులో నా పేరు చూసిందంటే ఇంకేం ఆలోచించదు. వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతుంది.'"

"ఆగస్టులో నేనన్న మాట మీకు చెప్పిందా?"

"చెప్పింది. 'అమ్మ తప్పు కాదండీ' అంది."

అప్పుడు ఆవిడ మొహం చెదిరిపోయింది. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, వాటి మీద నుదురు ఆనించి ఏడ్చింది. అది తిట్టే ఏడుపు కాదు. నాలుగు నెలలు లోపల కట్టిపెట్టింది ఒక్కసారి తెగి వస్తే ఎలా ఉంటుందో అలా. వెర్నన్ లేవబోయాడు. ఆవిడ తలెత్తకుండానే కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది. కూర్చున్నాడు.

"శుక్రవారం నుంచీ మెట్ల మీద కూర్చుందన్నారు పోలీసులు. ఎవరి కోసమో వాళ్ళు నాకు చెప్పలేదు. వాడి కోసమే అనుకున్నాను" అంది, తల ఎత్తి. "వాడితో ఎక్కడికో పోవడానికే పెట్టె సర్దుకుందనుకున్నాను. నా కోసమన్నమాట."

"మీ కోసమేనమ్మా."

"చూసుంటే వచ్చేదాన్ని. వంట పొయ్యి మీద ఉంటే అలాగే వదిలేసి వచ్చేదాన్ని."

"తెలుసమ్మా."

వెల్డా ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, అది పోయేది కాదని ఆయనకి అర్థమైంది. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"మీకేం తెలుసు? తెలిస్తే వేసుండేవారు. దానికి తెలుసు." చేత్తో మొహం తుడుచుకుంది. "నేను వస్తానని నా బిడ్డకి తెలుసు. ఇంక మీరు వెళ్ళండి ప్రూయిట్ గారూ. నేను కాసేపు దానితో కూర్చోవాలి."

వెర్నన్ టోపీ తీసుకుని లేచాడు. తలుపు తనే వేసుకుని బయటకొచ్చాడు.